జోలెలో మేస్త్రి

మేస్త్రి చేతికి జడ దొరికితే ఇక అంతే. ఆ సంగతి ఇరవై రెండేళ్లు కాపురం చేసిన ఆయన భార్యకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ ఉదయం ఆమె జడను ముడి చుట్టుకోవడం మరిచిపోయింది. గడ్డం గీయడానికి నీళ్లు కాచడం ఆలస్యమైంది, ఆ కంగారులో జడ వీపు మీదే ఉండిపోయింది.

మిషన్ ఆయన్ను మంచం మీద నుంచి పైకెత్తింది. కంపెనీవాళ్లు దాన్ని హాయిస్ట్ అంటారు, ఆమె మిషన్ అనే అంటుంది. కింద చక్రాలు, నిలువునా ఒక ఇనుప స్తంభం, దాని మీద నుంచి ముందుకు చాచిన ఇనుప చెయ్యి, ఆ చేతికి కొక్కేలు. కొక్కేలకు తగిలించిన గుడ్డ జోలెలో మేస్త్రి కూర్చుంటాడు. ఆమె స్తంభానికి ఇవతల నిలబడి రిమోట్ మీద పైకున్న బాణం నొక్కితే మనిషి లేస్తాడు, కిందికున్న బాణం నొక్కితే దిగుతాడు. జోలెలో మనిషి మొహం స్తంభం వైపే ఉంటుంది, అంటే ఆమె వైపే. ఎత్తేటప్పుడు రోగి రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని ఉండాలని ఆస్పత్రిలో నర్సు నేర్పింది. నర్సు ముందు మేస్త్రి చాలా బుద్ధిగా కట్టుకున్నాడు.

ఇంట్లో ఆ బుద్ధి ఎవరికి చూపించాలి? స్తంభం పక్క నుంచి చెయ్యి చాచి జడ అందుకున్నాడు, పిడికిలికి ఒక చుట్టు చుట్టాడు, తన వైపు గుంజాడు. మధ్యలో స్తంభం ఉంది కదా, ఆమె నుదురు వెళ్లి దానికి ఇవతల బిగించిన నల్ల పెట్టెకు కొట్టుకుంది.

"నీళ్లు కాచడానికి ఇంతసేపా?" అని ఒకసారి గుంజాడు. "నేనేమైనా నీ పనోణ్ణా, నువ్వొచ్చేదాకా కాచుకు కూర్చోడానికి?" అని రెండోసారి. మూడోసారి ఏమీ అనలేదు. ఊరికే గుంజాడు.

మూడో దెబ్బకు ఆమె మోకాళ్ల మీద కూలబడింది. మేస్త్రి జడ వదిలేశాడు. జాలితో కాదు, తనను కుర్చీలోకి దింపే పని ఇంకా మిగిలి ఉంది కాబట్టి.

"లే. దింపు."

ఆమె లేచింది. కంటి మీదికి కారుతున్న నెత్తురును మోచేత్తో తుడుచుకుని, రిమోట్ తీసి కిందికున్న బాణం నొక్కింది. కదల్లేదు. పైబాణం నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. మిషన్ పాడైతే అదీ తన తప్పే అవుతుంది. గబగబా పెట్టె వైపు చూసింది.

పెట్టె మీద సీసా మూతంత ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. ప్రమాదం వస్తే నొక్కడానికి. దాన్ని నొక్కితే లోపలికి దిగి బిగుసుకుంటుంది, మిషన్ మొత్తం ఆగిపోతుంది. మళ్లీ కుడివైపుకు తిప్పితే టక్కున బయటికొస్తుంది. ఇప్పుడది లోపలికి దిగి ఉంది, దాని మీద నెత్తురు ఉంది. ఆమె చెయ్యి నుదుటికి పోయింది. నుదుటి మీద గుండ్రంగా, సరిగ్గా అంతే వెడల్పున, చర్మం లేచి ఉంది. ఆయన కొట్టిన దెబ్బే ఆయన్ను గాల్లో ఆపేసింది.

అలవాటు చొప్పున రెండు వేళ్లు బటన్ మీదికి వెళ్లాయి. తిప్పడానికి అర క్షణం చాలు.

"చెముడా ఏమే? దింపమన్నానా! దిగాక చెప్తా నీ పని. ఆ మిగిలిన చెవి కూడా ఇవాళ పీకేస్తా."

ఎడమ చెవి పోయి తొమ్మిదేళ్లైంది, ఒక్క చెంపదెబ్బకు. కుడి చెవితో ఆమె ఈ మాట శుభ్రంగా విన్నది. వేళ్లు బటన్ మీదే ఉన్నాయి. ఆమె ఆలోచించింది. దిగితే కొడతాడు. దిగకపోతే కొట్టలేడు. ఇంత తేలికైన లెక్క ఇరవై రెండేళ్లలో తనకు ఒక్కసారీ తట్టలేదే అని ఆమెకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. వేళ్లు వెనక్కి తీసుకుంది.

"ఆగిపోయిందండీ," అంది. "మిషన్ పాడైనట్టుంది."

"పాడవడమేంటి? ఇటియ్యి!"

ఆమె రిమోట్ విసిరి రెండడుగులు వెనక్కి వేసింది. మేస్త్రి దాన్ని పట్టుకుని బాణాలు రెండూ మార్చి మార్చి నొక్కాడు, జోలె ఊగిపోయేలా కుదిపాడు, చివరికి రిమోట్‌నే ఆమె మొహం మీదికి విసిరాడు. రిమోట్‌కు చుట్టల వైరు ఉంది, అది సాగి, ఆమె చెంపను కొట్టి, మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లిపోయింది. ఆయుధం తిరిగి చేతికొస్తే మేస్త్రికి అంతకంటే ఏం కావాలి? ఇంకో రెండుసార్లు విసిరాడు. ఆమె గుమ్మం దాకా వెనక్కి జరిగింది.

మేస్త్రి అంటే గోదాములో మూటలు మోసేవాళ్లకు మేస్త్రి. క్వింటాలు బస్తాను ఒక్కడే భుజానికెత్తుకునేవాడు. రెండేళ్ల కిందట బస్తాల దొంతర కూలి మీద పడింది, వెన్నెముక విరిగింది, నడుం కింద ప్రాణం పోయింది. ఆస్పత్రి మంచం పక్కన ఏడుస్తూ కూర్చున్న భార్యను చూసి అందరూ అయ్యో అన్నారు. ఆ ఏడుపులో సగం సంతోషమని ఆమెకొక్కదానికే తెలుసు. ఇక ఈయన నన్ను తరుముకుని రాలేడు అనుకుంది. నిజమే, తరుముకుని రాలేదు. కాళ్లు పోతే ఏం, చేతులు మిగిలాయి, ఆ కాళ్ల బలం కూడా వచ్చి చేతుల్లోనే చేరింది. ఇంటికొచ్చిన మొదటి వారమే పక్క బట్టలు మారుస్తుంటే మణికట్టు విరిచాడు. ఇంతకుముందు పారిపోవడానికి ఇల్లంతా ఉండేది. ఇప్పుడు రోజుకు ఆరుసార్లు తనంతట తానే ఆ చేతుల మధ్యకు వెళ్లాలి. తుడవాలి, తిప్పాలి, జోలె తొడగాలి, కొక్కేలు తగిలించాలి. ఏ పనీ దూరం నుంచి అయ్యేది కాదు.

మేస్త్రి చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. మిషన్ చేతి మీద, సరిగ్గా ఆయన కళ్లకెదురుగా, కంపెనీ నంబరు అంటించి ఉంది. స్పీకర్ పెట్టాడు. ఆయన గొంతు మారిపోయింది. బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు మేస్త్రి గొంతులో తేనె కారుతుంది.

"అమ్మా, నేను పేషెంట్‌ని తల్లీ. మిషన్ మధ్యలో ఆగిపోయింది. గాల్లో వేలాడుతున్నా."

"కంగారు పడకండి సార్," అంది ఫోన్లో అమ్మాయి. "పక్కన ఎవరైనా ఉన్నారా?"

"మా ఆవిడ ఉంది. దానికేమీ తెలీదు, పాపం."

"మేడం, నేను ఒక్కొక్కటీ అడుగుతాను, చూసి చెప్పండి. మొదట పెట్టె మీద ఎర్ర బటన్ ఉంటుంది. లోపలికి నొక్కి ఉందా?"

పెట్టె మొహం ఇవతలికి ఉంది, మేస్త్రికి దాని వీపు తప్ప కనిపించదు. రెండేళ్లుగా రోజూ ఈ మిషన్ మీద ఊరేగుతున్నా ఇవతలి వైపు ఏముందో ఆయన ఏనాడూ అడగలేదు. అది ఆడదాని పని.

"లేదండీ," అంది. "బయటికే ఉంది."

"ఒకసారి కుడివైపుకు తిప్పి చూడండి."

ఆమె స్తంభం దగ్గరికి వచ్చి, ఆయన చెయ్యందనంత ఎడంగా వంగి, బటన్ పక్కన గాల్లో వేళ్లు తిప్పింది. "తిప్పానండీ."

"ఛార్జర్ వైరు గోడకు పెట్టి ఉందా? అది పెట్టి ఉంటే కదలదు."

"తీసే ఉంది."

"బ్యాటరీ ఒకసారి తీసి మళ్లీ పెట్టండి. టక్‌మని చప్పుడు రావాలి."

ఇది మాత్రం నిజంగానే చేసింది. చప్పుడు రాకపోతే ఆయన పట్టేస్తాడు. టక్‌మంది. మేస్త్రి రిమోట్ నొక్కాడు. మిషన్ కదల్లేదు.

"సరే మేడం, అయితే చేత్తో దించేద్దాం. మోటారు గొట్టం మీద ఒక ఎర్ర రింగు ఉంటుంది. దాన్ని పైకి లాగి పట్టుకుంటే, కరెంటు లేకపోయినా పేషెంట్ మెల్లగా కిందికొస్తారు."

ఇది ఆమె ఊహించలేదు. ఆ రింగు మేస్త్రికి కూడా కనిపిస్తుంది. ఆయన కళ్లు అప్పటికే దాని మీద ఉన్నాయి.

"విన్నావా? లాగు!"

ఆమె రెండు చేతులతో రింగు పట్టుకుంది. దాన్ని పైకి కాకుండా కిందికి నొక్కిపెట్టి, పళ్లు బిగించి, మెడ నరాలు తేలేలా మూలిగింది. నాటకాల్లో వేషం వేసిన మనిషి కాదు, అయినా ప్రాణం మీదికొస్తే వేషం అదే వస్తుంది. రింగు అంగుళం కదల్లేదు. అది లాగే చోటు మేస్త్రి చేతికి జానెడు దూరం. ఆయన తిట్టుకుంటూ ఆ జానెడూ వంగి ఆమె జబ్బ మీద గుద్దాడు. "తిండి తినట్లేదా? లాగవే!"

"బిగుసుకుపోయిందండీ! రావట్లేదు!"

"సార్, ఎవరి మీదా అరవకండి," అంది అమ్మాయి, దెబ్బ చప్పుడు ఏమనుకుందో ఏమో. "మెకానిక్‌ని పంపిస్తున్నాను. గంటలోపు వస్తారు. అప్పటిదాకా కాళ్ల కింద ఏదైనా ఆసరా పెట్టండి మేడం. ఎక్కువసేపు వేలాడితే రక్తం ఆడదు."

ఫోన్ పెట్టగానే తేనె ఇంకిపోయింది. గంటసేపట్లో ఆమెను ఏమేం చేయబోతున్నాడో వరసగా చెప్పాడు. మొదట వేళ్లు. తర్వాత చెవి. గొంతు సంగతి ఆఖరికి. మేస్త్రి ఉత్త మాటలు చెప్పే మనిషి కాదు. అన్నది చేయకుండా వదిలిన రోజు ఒక్కటీ ఆమెకు గుర్తులేదు. ఇవాళ్టి కోపంతో కిందికి దిగాడంటే సాయంత్రానికి తాను ఉండదు. ఈ మాట ఆమె తనకు తాను స్పష్టంగానే చెప్పుకుంది.

అయినా ఆయన పాదాలు చూసింది. నల్లబడుతున్నాయి. ఆ పాదాలకు స్పర్శ లేదు, ఆయనకు తెలియదు, ఆమెకు తెలుస్తోంది. ఆయన చావాలని ఆమెకు లేదు. కిందికి రాకుండా ఉంటే చాలు. ఆ రెండూ ఒక్కచోట కుదిరేవి కావు. తనను తాను తిట్టుకుంటూనే ఆయన వెనక నుంచి వెళ్లి, మంచాన్ని ఆయన కిందికి తోసి, దిండ్లు పేర్చి తొడల కింద ఆనించింది. ఆఖరి దిండు పెడుతుండగా మేస్త్రి వెనక్కి చెయ్యి వేసి గుడ్డిగా తడిమాడు. బొటనవేలు దొరికింది. దొరికిందే చాలనుకుని వెనక్కి విరిచాడు. పచ్చి కర్ర విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరవలేదు, ఆయన మోచెయ్యిని పంటితో కొరికి వేలు విడిపించుకుంది. ఇరవై రెండేళ్లలో ఆమె ఆయన మీద చేసిన మొదటి దాడి అదే.

వంటగదిలో చేతిని చన్నీళ్ల కింద పెట్టుకుని నిలబడింది. పారిపోవచ్చు. తలుపు తీసే ఉంది. కానీ మెకానిక్ వస్తాడు, దించుతాడు, ఫోన్ కొడితే మేస్త్రి మనుషులు నలుగురు వస్తారు, ఎక్కడున్నా పట్టుకొచ్చి ఈ మంచం పక్కనే పడేస్తారు. ఇంతకుముందు రెండుసార్లు జరిగింది అదే. ఏం చేయాలో ఆమెకు తోచలేదు. అంతలో తలుపు చప్పుడైంది.

వచ్చినవాడు పాత మెకానిక్కే. యాభై దాటిన మనిషి, కళ్లజోడు, భుజానికి సంచి, నెమ్మది మాట. అతన్ని చూడగానే ఆమె గుండె జారిపోయింది. ఎందుకంటే అతను చాలా మంచివాడు.

పోయిన ఏడాది ఇలాగే మిషన్ ఆగింది. గది తుడుస్తుంటే మాప్ కర్ర తగిలి ఎర్ర బటన్ నొక్కుకుపోయింది, అప్పట్లో ఆమెకు ఆ సంగతి తెలియదు. మెకానిక్ వచ్చాడు, చూశాడు, నోరు మెదపకుండా బటన్ తిప్పేశాడు. తర్వాత పెట్టె స్క్రూలు నాలుగూ విప్పి, లోపలికి ఉఫ్ అని ఊది, మళ్లీ బిగించి, సర్వీసు కాగితం మీద 'కనెక్షన్ లూజు' అని రాశాడు. మెట్లు దిగుతూ ఆమెతో మెల్లగా చెప్పాడు. "ఎర్ర బటనమ్మా, అంతే. పది ఇళ్లకు వెళ్తే ఆరిళ్లలో ఇదే. మనుషుల ముందు చెబితే ఇంటి ఆడవాళ్లకి మాట పడుతుంది. అందుకని నేనెప్పుడూ చెప్పను." ఆ రోజు ఆమె అతనికి మనసులో దండం పెట్టుకుంది.

"రండి సార్, రండి," అన్నాడు మేస్త్రి, జోలెలో చేతులు గుండెల మీద కట్టుకుని. "మీకు శ్రమ ఇచ్చాం."

"ఎంతసేపైంది సార్ వేలాడబట్టి?"

"గంట. మా ఆవిడ కంగారుపడి పడిపోయింది కూడా, చూడండి ఆ నుదురు. దాని మీదే నా బెంగంతా."

మెకానిక్ ఆమె నుదురు చూశాడు, అయ్యో అన్నాడు, నమ్మేశాడు. స్తంభం ఇవతలికి వచ్చాడు. ఎర్ర బటన్ చూశాడు. అతని పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. తల తిప్పి ఆమె వైపు, మేస్త్రికి కనబడకుండా, మనిద్దరి మధ్యే ఉంటుందిలే అన్నట్టు చూశాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. గట్టిగా ఊపింది. వద్దు, తిప్పొద్దు.

అతను ఇంకాస్త దయగా నవ్వి, చెప్పనులే అన్నట్టు కళ్లు మూసి తెరిచి, బటన్ తిప్పేశాడు. టక్కుమంది. మనిషి మంచితనానికి కళ్లుండవని ఎవరైనా అతనికి చెప్పి ఉంటే బాగుండేది. కళ్లజోడు తుడుచుకోవడానికి మాత్రం ఎప్పుడూ ఒక గుడ్డ జేబులో ఉంటుంది.

"కనెక్షన్ సార్," అన్నాడు పైకి. "లూజైంది. ఇప్పుడు దింపుతా." రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, ఆ దిండ్లు తీసెయ్యండి. వంకరగా దిగుతారు."

"రిమోట్ నాకివ్వండి," అంది ఆమె. "దిండ్లు మీరు తీయండి."

"టెస్టింగ్‌లో రిమోట్ మెకానిక్ దగ్గరే ఉండాలమ్మా. రూలు."

"రావే," అన్నాడు మేస్త్రి మెత్తగా. "ఆయనకి రెండు చేతులేగా. పాపం పెద్దాయన, ఎంతసేపని నిలబడతాడు?"

పరాయి మనిషి ముందు కొట్టడు. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ కొట్టలేదు. ఆ ఒక్క నమ్మకంతో ఆమె వెళ్లింది. ఒక దిండు తీసింది. రెండో దిండు తీసింది. మోటారు సన్నగా మూలుగుతూ మేస్త్రిని దించుతోంది. ఆయన మొహం ఆమె మొహానికి సమంగా వచ్చింది.

గంటసేపు గాల్లో ఉడికిన కోపం పరాయి మనిషిని లెక్కచేయలేదు. ఎడమచేత్తో జడ పట్టి రెండు చుట్లు చుట్టాడు, కుడి పిడికిలితో మొహం మీద గుద్దాడు. మొదటి గుద్దుకు ముక్కు పగిలింది. రెండో గుద్దుకు నోట్లో ఏదో ఊడి నాలుక కింద పడింది. మెకానిక్ "సార్! సార్!" అంటూ రిమోట్ వదిలేసి మీద పడ్డాడు, రెండు చేతులా ఆ కుడిచేతిని పట్టుకుని వేలాడాడు. మేస్త్రి ఒక్క విదిలింపు విదిలిస్తే మోచెయ్యి వెళ్లి కళ్లజోడుకు తగిలింది. అద్దం పగిలింది, మనిషి వెళ్లి కుర్చీతో సహా కింద పడ్డాడు.

"కొరుకుతావే? నన్ను కొరుకుతావే?" మేస్త్రి ఆమె తలను మంచం ఇనుప పట్టీకేసి కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి. ఆమె కళ్ల ముందు గది మసకబారింది. చేతులు దేనికోసమో తడిమాయి. దుప్పటి తగిలింది, దిండు తగిలింది, తర్వాత చుట్టల వైరు తగిలింది. వైరు వెంట పాకుతూ వేళ్లు రిమోట్ దాకా వెళ్లాయి. బాణాలు చూడక్కర్లేదు, రెండేళ్లుగా నొక్కుతున్న వేళ్లు అవి. పైబాణం నొక్కింది.

మోటారు మూలిగింది. మేస్త్రి లేచాడు.

జడ ఆయన పిడికిలిలోనే ఉంది. ఆయనతో పాటు జడ లేచింది, జడతో పాటు ఆమె లేచింది. మోకాళ్ల మీద నుంచి పాదాల మీదికి, పాదాల మీద నుంచి మునివేళ్ల మీదికి. ఆమె బాణం వదల్లేదు. "ఆపు! ఆపవే!" అని మేస్త్రి అరుస్తూ జడను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పట్టు వదలడం ఆయన ఎరగడు, అదొక్కటే ఆయన చేసిన పొరపాటు. బస్తాలెత్తిన చెయ్యైనా అది ఎముకా కండా. మోటారు ఇనుము. దానికి కోపం లేదు, అలుపు లేదు. చెయ్యి నిటారుగా సాగింది, భుజం దగ్గర ఏదో కీలు తప్పింది, మేస్త్రి ఎద్దులా బొబ్బ పెట్టాడు. ఆమె నెత్తి మీద చర్మం సాగుతూ లేస్తోంది. ఆ నొప్పికి ఆమె కూడా అరుస్తోంది, అరుస్తూనే నొక్కుతోంది. పిడికిలి ముందు విడిపోయిందో, నెత్తి చర్మం ముందు చిరిగిందో ఇద్దరికీ తెలియదు. ఆమె కింద పడింది. ఆయన పైన ఉన్నాడు. ఆయన పిడికిలిలో మూరెడు జుట్టుంది, దాని మొదట్లో నెత్తురోడుతున్న చర్మం ముక్క ఉంది.

ఆమె పాకుతూ స్తంభం దగ్గరికి వెళ్లి, అరచేత్తో ఎర్ర బటన్ నొక్కింది.

మెకానిక్ లేచి కూర్చున్నాడు. ఒక కన్నుకే అద్దం మిగిలింది. ఆ ఒక్క అద్దంలోంచి ఆమె నుదురు చూశాడు. గుండ్రటి వాపు. తర్వాత ఆమె అరచెయ్యి కింద ఉన్న బటన్ చూశాడు. నోరు తెరుచుకుంది.

"దీనికి... దీనికి కొట్టుకుందా అమ్మా?"

"కొట్టాడు," అంది ఆమె. "మూడు సార్లు."

"నేను మళ్లీ మాప్ కర్ర తగిలిందేమో అనుకున్నా."

"తల ఊపాను కదా."

"చెప్పొద్దంటున్నారనుకున్నా."

"తిప్పొద్దన్నాను." నోట్లోంచి నెత్తురుతో పాటు పన్ను ఉమ్మింది. "మీ మంచితనం పాడుగాను. ఎవరు అడిగారండీ మిమ్మల్ని? ఎందుకు ఆగిందని ఒక్క మాట అడిగితే మీ నోరు అరిగిపోతుందా?"

తనకు ఇంత కోపం వస్తుందని ఆమెకే తెలియదు. మేస్త్రి మీద ఎన్నడూ చూపించలేని కోపం ఈ పెద్దమనిషి మీద పెట్టేసింది. అతను తల వంచుకుని ఆ మాటలు పడ్డాడు. తర్వాత కింద పడ్డ సంచి దగ్గరికి లాక్కుని, రాసుకునే అట్టా, సర్వీసు కాగితమూ తీశాడు. గబగబా రాయడం మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నావురా?" అన్నాడు మేస్త్రి పైనుంచి. సార్ పోయి రా వచ్చింది. "దింపు ముందు నన్ను! చెయ్యి పోయింది!"

మెకానిక్ రాసింది పైకి చదివాడు. "మిషన్‌లో లోపం లేదు. పేషెంట్ తన భార్యను జుట్టు పట్టి కొట్టగా ఆమె నుదురు తగిలి ఎర్ర బటన్ నొక్కుకుంది. తర్వాత నా ముందే పేషెంట్ ఆమెను కొట్టాడు. నన్నూ కొట్టాడు. తేదీ, టైము." చదివి, అట్టను కలంతో సహా జోలెలో ఆయన ఒళ్లోకి విసిరాడు. "సంతకం పెట్టండి."

"నీ అబ్బ..."

"కస్టమర్ సంతకం లేకుండా పని ముగిసినట్టు కాదు సార్. పని ముగియకుండా నేను మిషన్ ఆన్ చేయకూడదు. రూలు."

అలాంటి రూలు ఉందో లేదో ఆమెకు తెలియదు. అతను కుర్చీ నిలబెట్టి, దాన్ని మేస్త్రి చెయ్యికి అందనంత దూరానికి జరిపి, కూర్చున్నాడు. మేస్త్రి తిట్టాడు. ఉద్యోగం ఊడబీకిస్తానన్నాడు. మనుషుల్ని పిలిచి కాళ్లు విరగ్గొట్టిస్తానన్నాడు. ఫోన్ కోసం వెతికాడు. కుడిచేతికి జేబు అందలేదు, పెనుగులాటలో మెలిపడ్డ జోలె పట్టీ అడ్డం వచ్చింది. ఎడమచెయ్యి వేలాడుతోంది. కాసేపటికి ఏడ్చాడు. మళ్లీ తిట్టాడు. ఇరవై నిమిషాలకు గొంతు పోయింది. భుజం నొప్పికి మొహమంతా చెమట పట్టింది. ఆఖరికి కలం తీసి, నెత్తురు అంటుకున్న కుడిచేతి వేళ్లతోనే సంతకం గీకి, అట్టను ఆమె మొహం మీదికి విసిరాడు. అది గోడకు తగిలి కింద పడింది.

మెకానిక్ కింది కాపీ చింపి ఆమెకు ఇచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. తలకు తువ్వాలు చుట్టుకుంది. బీరువా తెరవలేదు, సంచి సర్దలేదు. చెప్పులు వేసుకుంది.

"పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్తానమ్మా, ఉండండి," అన్నాడు అతను. "నేనూ చెప్తాను."

"మీరు తర్వాత రండి. ఇక్కడ పని ఉంది కదా."

"ఆయన్ను ఎవరు చూసుకుంటారు?"

"ఆయనకో అక్క ఉంది, ఇద్దరు తమ్ముళ్లున్నారు. నేను దెబ్బలు తిని వెళ్లినప్పుడల్లా, మావాడు మంచివాడమ్మా అని వెనక్కి పంపినవాళ్లే. ఫోన్ ఆయన జేబులోనే ఉంది. వాళ్ల మంచివాణ్ని వచ్చి చూసుకోమనండి."

"ఒసేయ్," అన్నాడు మేస్త్రి. అరవడానికి గొంతు లేదు. "ఎక్కడికే? నన్ను దించి పో. ఒసేయ్, నిన్నే."

మెకానిక్ స్తంభం దగ్గర నిలబడ్డాడు, బటన్ మీద చెయ్యి పెట్టలేదు. మేస్త్రి వైపు కాదు, ఆమె వైపు చూశాడు. "దింపనా అమ్మా?"

ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఒక పని చేయమంటావా అని అడగలేదు.

"నేను వీధి మలుపు తిరిగాక దింపండి. కిటికీలోంచి కనపడుతుంది."

మెట్లు దిగింది. వీధిలో మనుషులు ఆమెను చూసి పక్కకు తప్పుకున్నారు, ఒకరిద్దరు ఏమైందని అడిగారు. ఆమె ఆగకుండా నడిచింది. నడుము నిటారుగా పెట్టుకునే నడిచింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. కిటికీలో ఒంటి అద్దం మెకానిక్ నిలబడి ఉన్నాడు, చేతిలో రిమోట్ ఉంది, ఆమె ఎప్పుడు మలుపు తిరుగుతుందా అని చూస్తున్నాడు. అతని వెనక జోలె నల్లగా కనిపిస్తోంది.

ఇంకొక్క అడుగు వేస్తే మలుపు, మేస్త్రి కిందికి దిగుతాడు. ఆమె ఆ అడుగు వెయ్యలేదు. గోడ నీడన నిలబడి, విరిగిన వేలును రెండో చేత్తో పట్టుకుని, కిటికీ వైపు చూస్తూ అక్కడే కాసేపు నిలుచుంది. తర్వాత ఇంకాసేపు నిలుచుంది.